రాకెట్టును పెంచుట

దీపావళి రాత్రి తారాజువ్వలు ఎగురవేయుట పల్లెటూరి పిల్లలకు మిక్కిలి వేడుక. ఖమ్మం జిల్లాలో అడవి అంచున నున్న ఏన్కూరులోను ఆ రాత్రి ఆకాశము మిలమిల మెరయును. సీసాలో నిలిపిన తారాజువ్వకు నిప్పు తగులగనే అది బుస్సుమని లేచి, తాటిచెట్ల తలలు దాటి తిన్నగా పైకి పోవును. దాని మందుగొట్టము చూపుడువ్రేలంత. దానికి కట్టిన పుల్ల మూరెడు. ఆ పుల్ల ఎందులకని చాలమంది ఆలోచింపరు. పుల్ల విరిగిన తారాజువ్వను వెలిగించినచో అది పైకి పోదు. గిరగిర తిరుగుచు నేలపై పరుగులిడును. చూచువారి కాళ్లలోనికి వచ్చును. ఒక్కొక్కప్పుడు గడ్డివాములోనికి దూరును. మందు అదే, నిప్పు అదే. లేనిది పుల్ల మాత్రమే.

ఏన్కూరునకు ఆవల భద్రాచలము వైపు సాగు అడవులలో కోయల విల్లంబులు తరతరములుగా ప్రసిద్ధములు. బాణమునకు ముందు ఇనుప ములికి యుండును. వెనుక ఈకలు కట్టుదురు. బరువు ముందుండుటచేతను, గాలిని పట్టు ఈకలు వెనుక నుండుటచేతను బాణము తలక్రిందులు గాక గురివైపే సాగును. బాణపు ఈక చేయు పనియే తారాజువ్వ పుల్లయు చేయుచున్నది. రాకెట్టు శాస్త్రమున ఇది మొదటి పాఠము.

ఇక రెండవ పాఠము మొదటిదానికంటె కొంచెము కఠినమైనది. ఏన్కూరు పాఠశాలలో ఒక విద్యార్థికి అట్టతో చేసిన చిన్న నమూనా రాకెట్టు దొరికినదనుకొందము. దానిని చూచి, సరిగా దానికి రెండింతలు పెద్దదియగు రాకెట్టును తన చేతులతో చేయవలెనని అతనికి బుద్ధి పుట్టినది. ప్రతి కొలతను రెండుచే హెచ్చించిన చాలునని అతడు తలచును. ఇది చూచుటకు సులభముగనే తోచును. కాని అట్లు చేసిన రాకెట్టు ఎగురదు. ఎగిరినను క్షేమముగా దిగదు. ఏల దిగదో తెలిసికొనుటకు ముందు నమూనా రాకెట్టు అననేమో తెలిసికొనవలెను.

1957వ సంవత్సరము అక్టోబరు 4న సోవియట్ రష్యా స్పుత్నిక్ అను మొదటి కృత్రిమోపగ్రహమును ఆకాశమునకు పంపెను. అది మొదలు అనేక దేశములలో బాలురకు రాకెట్టులపై మోజు పుట్టినది. అమెరికాలో కొందరు పిల్లలు ఇనుప గొట్టములలో తోచిన రసాయనములన్నియు కూరి ముట్టింపసాగిరి. గొట్టములు ప్రేలి కొందరు వ్రేళ్లను, కొందరు కన్నులను, కొందరు ప్రాణములనే పోగొట్టుకొనిరి. అయితే దీనికి మందు అంతకుమునుపే సిద్ధమై యుండెను. నెబ్రాస్కా రాష్ట్రములో నార్‌ఫోక్ అను పట్టణమున చెప్పుల దుకాణము నడుపుచుండిన ఆర్విల్ కార్లైల్ అనునతడు తన సోదరుడు రాబర్టుతో కలిసి 1954లోనే కాగితముతోను తేలిక కర్రతోను ఒక చిన్న రాకెట్టును నిర్మించెను. దానిలోని యంత్రమును తీసివేసి క్రొత్తదానిని అమర్చి మరల మరల ఎగురవేయవచ్చును. హారీ స్టైన్ అను ఇంజనీరు దాని విలువను గుర్తించి, ఎగురవేయువారు పాటింపవలసిన నియమములను వ్రాసెను. 1958లో వెర్నన్ ఎస్టెస్ అను నాతడు రాకెట్టు యంత్రములను మనిషి చేయి తగులకుండ తయారుచేయు మరను నిర్మించెను. మందును పిల్లలు ముట్టరాదు, లోహమును వాడరాదు అను రెండు నియమములపై ఈ విద్య అంతయు నిలిచినది.

నమూనా రాకెట్టులో భాగములు కొలదిగనే యుండును. దళసరి కాగితమును చుట్టి చేసిన గొట్టము దాని దేహము. పైన మొనదేలిన ముక్కు. క్రింద మూడు గాని నాలుగు గాని రెక్కలు. లోపల మడచిపెట్టిన గాలిగొడుగు. దీనినే పారాచూటు అందురు. అడుగున యంత్రము. ఇక్కడ యంత్రమన చక్రములు, ఇరుసులు గలది గాదు. మందు దట్టించిన అట్టగొట్టము. మందు మండినప్పుడు వేడివాయువులు సన్నని రంధ్రముగుండ క్రిందికి దూసికొనిపోవును. ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య ఎదురుదిశలో నుండునని న్యూటను మహాశయుడు చెప్పిన సూత్రము ననుసరించి రాకెట్టు పైకి లేచును. తోపుడుమందు అయిపోయిన పిదప, మెల్లగా కాలు మరియొక మందు కొన్ని సెకండ్లు పొగ విడుచుచుండును. ఈలోపున రాకెట్టు తన వేగముతోనే శిఖరమునకు చేరును. కడపట మూడవ మందు చిన్నగా ప్రేలి, ముక్కును ఊడదీసి గాలిగొడుగును వెలికి నెట్టును.

ఈ యంత్రములను అక్షరములతో గుర్తింతురు. ఎ తరగతి యంత్రము ఇచ్చు మొత్తము తోపుడు 2.5 న్యూటను-సెకండ్లకు మించదు. బి తరగతికి మితి 5, సి తరగతికి 10, డి తరగతికి 20, ఇ తరగతికి 40. ఒక్కొక్క అక్షరమునకు బలము రెండింతలగుచున్నది. సి6-5 అని యంత్రముపై వ్రాసియున్నచో, అది సి తరగతిదనియు, సగటున 6 న్యూటన్ల బలముతో తోయుననియు, తోపుడు ముగిసిన 5 సెకండ్లకు గాలిగొడుగును విప్పుననియు అర్థము.

ఇక పెంచు పనికి వత్తము. ఒక వస్తువు పొడవు, వెడల్పు, ఎత్తు అన్నియు రెండింతలైనచో దాని ఉపరితలము నాలుగింతలగును, ఘనపరిమాణము ఎనిమిదింతలగును. బరువు ఘనపరిమాణము ననుసరించును. గాలి అడ్డగింపు ఉపరితలము ననుసరించును. ఈ రెండును ఒకే లెక్కన పెరుగకపోవుటయే చిక్కులన్నింటికి మూలము. గంగాళములోని నీరు చెంబులోని నీటికంటె ఆలస్యముగా చల్లారుటకును, చీమ తన బరువుకంటె ఎక్కువ మోయగలుగుటకును, ఏనుగునకు స్తంభములవంటి కాళ్లు కావలసివచ్చుటకును ఇదియే హేతువు.

చిన్న రాకెట్టు బరువు యంత్రము గాక 40 గ్రాములనుకొందము. దానిలో సి6-5 యంత్రము నుంచినచో మొత్తము సుమారు 64 గ్రాములగును. 100 గ్రాముల వస్తువును భూమి ఇంచుమించు ఒక న్యూటను బలముతో లాగును. కావున దీని భారము 0.64 న్యూటను, తోపుడు 6 న్యూటన్లు. తోపుడు భారమునకు తొమ్మిదింతలున్నది. రాకెట్టు బాణమువలె లేచును. ఇప్పుడు రెండింతల రాకెట్టును చూడుడు. అట్ట మందముకూడ రెండింతలు చేసినచో దాని బరువు 40ని 8చే హెచ్చింపగా 320 గ్రాములు. పెద్ద యంత్రముతో కలిసి సుమారు 400 గ్రాములు. అనగా 4 న్యూటన్లు. పాత సి6 యంత్రమే దీనికి తగిలించినచో తోపుడు భారమునకు రెండింతలైనను ఉండదు. అది ముసలి ఎద్దు మెట్టనెక్కినట్లు మెల్లగా కదలును.

మెల్లగా లేచిన తప్పేమని అడుగవచ్చును. రెక్కలు పనిచేయవలెనన్న వానిమీదుగా గాలి వేగముగా ప్రవహింపవలెను. అందులకే రాకెట్టును తిన్నని ఉక్కు కడ్డీ వెంట జారునట్లు నిలిపి ఎగురవేయుదురు. కడ్డీని విడుచు సరికి దానికి చాలినంత వేగము రానిచో, చిరుగాలి తాకినను అది ప్రక్కకు ఒరగి, ఒరిగిన దిక్కుననే దూసికొనిపోవును. కనుక తోపుడు భారమునకు ఐదింతలకు తగ్గరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. మన పెద్ద రాకెట్టునకు 20 న్యూటన్ల తోపుడు కావలెను. సి నుండి ఇ తరగతి యంత్రమునకు పోవలసియుండును.

బరువు తగ్గింపవలెనని అట్టను పూర్వపు మందముననే ఉంచినచో బరువు ఎనిమిదింతలు గాక నాలుగింతలే, అనగా 160 గ్రాములే యగును. కాని అప్పుడు మరియొక కీడు కలుగును. రెండింతలు పెరిగిన రెక్క పూర్వపు పలుచదనముతోనే యున్నచో వేగమున తాటాకువలె రెపరెపలాడి చీలిపోవును. కావున నేర్పరియైనవాడు నడిమి త్రోవ త్రొక్కును. గొట్టమును పలుచగనే యుంచి, లోపల అక్కడక్కడ అట్టకట్లు వేసి బిగించును. రెక్కలను మాత్రము రెండు పొరలుగా అతుకును. గంప అల్లువాడు దబ్బలను పలుచగా చీల్చి, అంచునమాత్రము దళసరి బద్ద కట్టుట ఏన్కూరు పిల్లలు చూచియే యుందురు. బలము ఎచ్చట కావలెనో అచ్చటనే పెట్టుట రెండు పనులకును సూత్రము. ముక్కు చేయుటకు కొండపల్లి బొమ్మలకు వాడు తెల్లపొణికి వంటి తేలిక కర్ర తగియుండును.

బరువు ఎంత అనుటతో పాటు ఎక్కడ అనునదియు ముఖ్యమే. ఏ బిందువువద్ద దారము కట్టి వ్రేలాడదీసిన రాకెట్టు సమతూకముగా నిలుచునో దానికి గరిమనాభి యని పేరు. గాలి ఒత్తిడి అంతయు ఏ బిందువువద్ద కూడినట్లు పనిచేయునో దానిని పీడనకేంద్రమందురు. గరిమనాభి ముందును పీడనకేంద్రము వెనుకను ఉండవలెను. వాని నడుమ దూరము కనీసము గొట్టపు వ్యాసమంత యుండవలెను. బాణమున ములికి ముందు, ఈక వెనుక నున్నట్లే. రాకెట్టును పెంచినప్పుడు పెద్ద యంత్రము అడుగున చేరుటచేత గరిమనాభి వెనుకకు జరుగును. దానిని సరిదిద్దుటకు ముక్కులో కొంచెము బంకమన్ను కూరవలెను. పిదప యంత్రముతో సహా రాకెట్టును గరిమనాభివద్ద దారముతో కట్టి తలచుట్టు త్రిప్పి చూడవలెను. ముక్కు ముందుగా తిరిగినచో క్షేమము. తోక ముందుగా వచ్చినను, అడ్డముగా తిరిగినను దానిని ఎగురవేయరాదు. దారముతో చేయు ఈ చిన్న పరీక్షను ఉపేక్షించినచో పుల్ల విరిగిన తారాజువ్వ గతియే పట్టును.

గాలిగొడుగు లెక్కయు ఇట్టిదే. చిన్న రాకెట్టునకు 30 సెంటీమీటర్ల వ్యాసముగల గొడుగు చాలినదనుకొందము. రెండింతలు చేసి 60 సెంటీమీటర్ల గొడుగు పెట్టినచో గొడుగు వైశాల్యము నాలుగింతలైనది. మోయవలసిన బరువో ఎనిమిదింతలు. రాకెట్టు పూర్వముకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్ల వేగముతో నేలకు దిగి రెక్కలు విరుగును. పూర్వపు వేగముతోనే దిగవలెనన్న గొడుగు వ్యాసము సుమారు 85 సెంటీమీటర్లుండవలెను. బరువును తగ్గించిన మేరకు గొడుగును తగ్గింపవచ్చును. కొలతలన్నియు రెండుచే హెచ్చించిన విద్యార్థి ఇచ్చటనే మోసపోవును.

ఎగురవేయు స్థలమును కూడ పెంచవలెను. సి తరగతి యంత్రమునకు ప్రక్కకు 120 మీటర్లున్న మైదానము చాలును. డి తరగతికి 150 మీటర్లు, ఇ తరగతికి 300 మీటర్లు కావలెనని నమూనా రాకెట్టుల నియమావళి చెప్పుచున్నది. నిప్పుపుల్లతో వెలిగింపరాదు, దూరమునుండి విద్యుత్తుతో వెలిగింపవలెను. డి వరకు ఐదు మీటర్ల దూరమున, ఆపై తరగతులకు పది మీటర్ల దూరమున నిలువవలెను. వెలిగించినను రాకెట్టు లేవనిచో వెంటనే దగ్గరకు పోరాదు. తాళపుచెవి తీసి, ఒక నిమిషము ఆగవలెను.

ఏన్కూరు వంటి చోట మరియొక నియమము అన్నింటికంటె ముఖ్యమైనది. మాఘ ఫాల్గుణ మాసములనుండి అడవి ఆకు రాల్చును. టేకాకులు నేలపై అప్పడములవలె ఎండియుండును. చేలగట్లపై మిరపకాయలు ఆరబోయుదురు. వేసవిలో జనులు ఇప్పపూలకును తునికాకునకును అడవిలోనికి పోదురు. అట్టి దినములలో ఎగసిన ఒక్క నిప్పురవ్వ ఎందరి జీవనమును కాల్చునో చెప్పనలవి గాదు. కావున అడవి అంచున వేసవియందు రాకెట్టు మాటయే తలపెట్టరాదు. వర్షములు వెనుకబట్టి నేల చెమ్మగా నున్న దినమున, గాలి నిలిచిన ఉదయమున, విశాలమైన మైదానములో, పెద్దల సమక్షమున, నీళ్ల బిందెలు దగ్గర నుంచుకొని మాత్రమే ఈ పనికి పూనుకొనవలెను.

మందును స్వయముగా తయారుచేయుట ఎంతమాత్రమును కూడదు. తారాజువ్వలు విప్పి మందు తీయుటయు అట్టి పనియే. అనుమతి లేక మందుగుండు తయారుచేయుటను మన దేశమున 1884వ సంవత్సరపు పేలుడు పదార్థముల చట్టము నిషేధించుచున్నది. చట్టము సంగతి యటుండనిచ్చి, పోయిన వ్రేలు మరల మొలవదు. మందు లేకయే ఈ శాస్త్రమంతయు నేర్చుకొనుటకు నీటి రాకెట్టు కలదు. గీతలు పడని చల్లపానీయపు ప్లాస్టిక్ సీసాలో మూడవవంతు నీరు పోసి, బిరడా బిగించి, తలక్రిందుగా నిలిపి, పొడవైన గొట్టముద్వారా సైకిలు పంపుతో గాలి కొట్టినచో, నీరు క్రిందికి చిమ్మి సీసా పైకి ఎగురును. ఉపాధ్యాయుని ఎదుట, సీసాపైకి వంగక దూరముగా నిలిచి దీనిని చేయవచ్చును. అర లీటరు సీసాతో మొదట చేసి, పిదప రెండు లీటర్ల సీసాతో చేసి చూడవలెను. నీరు నాలుగింతలు పట్టు సీసా పొడవు నాలుగింతలుండదు. ఒకటిన్నర రెట్లకు కొంచెము మించియుండును. ఘనపరిమాణపు లెక్క ఇచ్చట కంటికే కనబడును.

ఈ లెక్కలు ఆటవస్తువులకు మాత్రమే గాదు. దేశములు నిర్మించు రాకెట్టులకును తప్పవు. మన శాస్త్రజ్ఞులును చిన్నదానితోనే మొదలిడిరి. 1967లో కేరళలోని తుంబా తీరమునుండి రోహిణి-75 అను రాకెట్టును ఎగురవేసిరి. దాని వ్యాసము 75 మిల్లీమీటర్లు. నాలుగు వ్రేళ్ల వెడల్పు. ఆంధ్రప్రదేశ్ తీరమున, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట దీవినుండి మొదటిసారిగా 1971 అక్టోబరు 9న రోహిణి-125 లేచెను. పిదప 200, 300, 560 మిల్లీమీటర్ల రోహిణి రాకెట్టులు వచ్చెను. రోహిణి-200 పొడవు సుమారు 3.6 మీటర్లు, బరువు 108 కిలోలు. రోహిణి-560 పొడవు 7.7 మీటర్లు, బరువు 1,350 కిలోలు. పొడవు రెండింతలకు కొంచెము మించినది. బరువు పన్నెండున్నర ఇంతలైనది. అట్ట రాకెట్టునకు చెప్పిన లెక్క ఉక్కు రాకెట్టునకును తప్పలేదు.

అడుగడుగున పరీక్షించుచు ఎదిగినను వైఫల్యము తప్పదు. ఉపగ్రహమును మోయుటకు నిర్మించిన 22 మీటర్ల ఎస్.ఎల్.వి.-3 రాకెట్టునకు రెక్కలు మాత్రమే చాలవు. దానిని గగనమున త్రిప్పి నడుపు వ్యవస్థ కావలెను. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి లేచిన ఆ రాకెట్టు, రెండవ అంచెలోని నియంత్రణ వ్యవస్థ చెడుటచేత సముద్రమున కూలెను. ఆ ప్రయత్నమునకు సారథి అబ్దుల్ కలాం. ఆనాడు పత్రికలవారి యెదుట అపజయపు బాధ్యతను సంస్థాధిపతియగు సతీష్ ధావన్ తనపై వేసికొనిరనియు, మరుసటి యేడు జయము కలిగినప్పుడు మాటలాడు గౌరవమును తనకు విడిచిరనియు కలాం పలుమారు చెప్పిరి. లోపమును కనిపెట్టి, సరిదిద్ది, 1980 జూలై 18న అట్టి రాకెట్టుతోనే 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపిరి. శ్రీహరికోట కేంద్రము నేడు సతీష్ ధావన్ పేరనే పిలువబడుచున్నది. అచ్చటినుండియే 2023 జూలై 14న 43.5 మీటర్ల పొడవును 640 టన్నుల బరువును గల ఎల్.వి.ఎం.-3 రాకెట్టు చంద్రయాన్-3ను మోసికొనిపోయెను.

హైదరాబాదులో 2018లో పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా అను ఇరువురు ఇంజనీర్లు స్థాపించిన స్కైరూట్ సంస్థయు ఈ మార్గమునే అనుసరించెను. ఉపగ్రహములను మోయు పెద్ద రాకెట్టునకు పూర్వము, వారు విక్రమ్-ఎస్ అను ఆరు మీటర్ల చిన్న రాకెట్టును నిర్మించిరి. అది 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి లేచి 89.5 కిలోమీటర్ల ఎత్తునకు పోయి సముద్రమున పడెను. ప్రైవేటు సంస్థ నిర్మించిన రాకెట్టు మన దేశమున ఎగురుట అదియే ప్రథమము. అది చిన్నదని వారు చిన్నబుచ్చుకొనలేదు. పెద్దదానిలో వాడదలచిన పరికరములను దానిలో పరీక్షించుకొనిరి.

ఏన్కూరు విద్యార్థి చేయదలచిన అట్ట రాకెట్టునకును, శ్రీహరికోటలోని మహాయంత్రమునకును పరిమాణమున ఎంతయో భేదము కలదు. పద్ధతిలో భేదము లేదు. తూచవలెను, కొలువవలెను, లెక్కింపవలెను, పరీక్షింపవలెను. పరీక్షలో తప్పినదానిని ఎగురవేయక ఆగవలెను. దారముతో త్రిప్పినప్పుడు తోక ముందుగా వచ్చిన రాకెట్టును చూచి, ఆనాటికి ప్రయోగము మానుకొని, దానిని ఇంటికి తెచ్చుకొని ముక్కులో మరికొంత మన్ను కూరు బాలునకు రాకెట్టు శాస్త్రము పట్టువడినదనియే చెప్పవచ్చును.